గుల్ల థర్మామీటర్ కాదు బాబాయ్

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పూలు, మోకాళ్ళ నొప్పులకి చిట్కాలు, దర్శనం టికెట్లు ఎప్పుడు వదుల్తారనే సమాచారం తప్ప పెద్దగా ఏం రావు. అలాంటి దాంట్లో పోయిన నెల మా బావ ఒకడు వీడియో పెట్టాడు, సముద్రపు గుల్లల్ని ల్యాబులో పరీక్ష చేసి లక్షల ఏళ్ళ కిందట సముద్రం ఎన్ని డిగ్రీలుందో చెప్పేస్తున్నారని, వెనకాల గుండెలదిరే మ్యూజిక్కు, మధ్యమధ్యలో ఎర్ర బాణం గుర్తులు. రెండు నిమిషాల్లో మా బాబాయ్ రిప్లై: "బుడమేరు ఇయ్యాళొచ్చిద్దో రేపొచ్చిద్దో చెప్పలేకపోయారు, లక్షేళ్ళ కింద సముద్రం ఎంత కాగిందో చెప్తారంట, పక్కన కూర్చుని చూసినట్టు." దాని కింద వరసగా నవ్వుల బొమ్మలు.

బాబాయ్‌కి ఆ మాట అనే హక్కుంది, అది ముందే ఒప్పుకోవాలి. విజయవాడ సింగ్‌నగర్‌లో ఆయనిల్లు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగుకి గండ్లు పడి నీళ్ళొచ్చినప్పుడు కింద పోర్షన్‌లో ఫ్రిజ్జు పడవలా తేలింది, పిన్నీ ఆయనా మిద్దె మీదే ఉన్నారు, పాల ప్యాకెట్లు పడవలో వస్తే తాడుకి బకెట్ కట్టి దించి పైకి లాక్కున్నారు. అదే రోజుల్లో ఇటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. హాల్లో గోడ మీద బురద గీత ఇప్పటికీ ఉంది, రంగు వేయించమని పిన్ని పోరుతుంటే "ఉండనీ, గుర్తుంటది" అంటాడు.

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తా. కాబట్టి గ్రూపులో అందరూ నావైపు చూస్తున్నట్టు నాకే అనిపించి రిప్లై టైపు చేశా, చెరిపేశా, మళ్ళీ టైపు చేశా, అది స్క్రీన్ దాటి పోయింది, చెరిపేసి దండం బొమ్మ పెట్టి ఊరుకున్నా. కానీ లోపల కెలుకుతానే ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నా, బాబాయ్ ఇది చదవడు కాబట్టి ధైర్యంగా.

నా వాదన ఒకటే. వీడియో వాడు గుల్లని థర్మామీటర్ అన్నాడు. బాబాయ్ అదంతా కాకమ్మ కథ అన్నాడు. కానీ ఇద్దరి మనసులో ఉన్న బొమ్మ ఒకటే, గుల్ల అంటే థర్మామీటర్ అనే. మన తీరంలో, అందులోనూ కృష్ణ కలిసే చోట, గుల్ల రాసుకునేది ముందు ఏటి సంగతి. ఎన్ని మంచినీళ్ళు సముద్రంలోకి దిగాయి, ఎప్పుడు దిగాయి, ఎప్పుడు దిగలేదు, ఆ చిట్టా. వేడి సంగతి దాని తర్వాత. ఆ చిట్టాని మనం ఇన్నాళ్ళూ కాల్చి సున్నం చేసుకున్నాం, అది వేరే గోల.

నాయనమ్మ గుల్ల సున్నం

రేపల్లె వైపు మా ఊళ్ళో నాయనమ్మకి తాంబూలంలోకి గుల్ల సున్నమే కావాలి. రాతి సున్నం నోరు పొక్కిస్తదని ఆవిడ నమ్మకం. సముద్రం వైపు నుంచి బండ్ల మీద గుల్లలొచ్చేవి, ఊరి చివర బట్టీలో బొగ్గూ గుల్లా పొరలు పొరలుగా పేర్చి కాల్చేవాళ్ళు, కాలిన గుల్ల మీద నీళ్ళు చల్లితే సుయ్యిమని పొగలు కక్కి పొడైపోయేది. చిన్నప్పుడు అది చూడ్డానికే పోయేవాణ్ణి. ఆ పొగ నీటి ఆవిరేనని తర్వాత తెలిసింది, అసలు పోవాల్సింది అంతకుముందు బట్టీలోనే పోయింది. గుల్లని 900 డిగ్రీల దరిదాపుల్లో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి సున్నం మిగులుద్ది. మనకి సున్నం కావాలి, శాస్త్రవేత్తకి ఆ ఎగిరిపోయిన గ్యాసు కావాలి. అంతే తేడా.

స్కూల్లో మనందరం బట్టీ పట్టిన వాక్యమే ఇది, సున్నపు తేటను పాలవలె మార్చును. గుల్ల మీద యాసిడ్ చుక్క వేస్తే బుసబుసమని పొంగుద్ది కదా, ఐసోటోపు ల్యాబులో (ఐసోటోపులంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) చేసేదీ అదే, కాకపోతే హైడ్రోక్లోరిక్ బదులు ఫాస్ఫారిక్ యాసిడ్, టెస్ట్ ట్యూబు బదులు గాలి తీసేసిన గాజు గొట్టం. పళ్ళ డాక్టరు వాడేలాంటి సన్న డ్రిల్లుతో గుల్ల మీద ఒక్కో గీత దగ్గర చిటికెడులో వెయ్యో వంతు పొడి గీకి, దానికి యాసిడ్ పోసి, వచ్చిన గ్యాసుని మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపి, అందులో బరువు ఆక్సిజన్ ఎంత, తేలిక ఆక్సిజన్ ఎంత అని తూకం వేస్తారు. మా ల్యాబులో పిల్లలకి ఆల్చిప్ప మీద యాసిడ్ వేసి చూపిస్తుంటే ఒక పిల్ల అడిగింది, సార్ ఇప్పుడు పొంగింది ఏ సంవత్సరం అని. క్లాసంతా నవ్వారు. నేను నవ్వలేదు, ఎందుకంటే అది నిజంగానే అడగాల్సిన ప్రశ్న, జవాబు నా దగ్గర లేదు.

బరువు, తేలిక అంటే ఏంటో చెప్పి ముందుకెళ్తా. ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం 16 బరువుది, వెయ్యికి రెండు చొప్పున 18 బరువుది ఉంటుంది. నీళ్ళు ఆవిరయ్యేటప్పుడు తేలికది ముందు లేస్తుంది, బంతి భోజనాల్లో విస్తరి ముందు నుంచి కుర్రాళ్ళు చటుక్కున లేచి మామయ్యలు చెయ్యి ఆనించుకుని నెమ్మదిగా లేచినట్టు. వాన కురిసేటప్పుడు తిరగేసి, బరువుది ముందు రాలుద్ది. కాబట్టి మబ్బు భూమ్మీద ఎంత దూరం కురుసుకుంటూ పోతే మిగిలిన నీళ్ళు అంత తేలిక. అందుకే మహాబలేశ్వరంలో పుట్టి ఇంత దూరం వచ్చే కృష్ణ నీళ్ళు సముద్రపు నీళ్ళకంటే తేలిక. గుల్ల కట్టుకునే జీవి చుట్టూ ఉన్న నీళ్ళలోంచే ఆక్సిజన్ తీసుకుంటుంది, ఆ నీళ్ళు చల్లగా ఉంటే కొంచెం ఎక్కువ బరువుది తీసుకుంటుంది, వెచ్చగా ఉంటే తక్కువ. వెయ్యికి ఒక వంతు తేడా రావాలంటే నీళ్ళు సుమారు 4 డిగ్రీలు మారాలి. లేదా నీళ్ళే మారాలి.

ఆ "లేదా" దగ్గరే కథంతా. టెన్త్ లెక్కల్లో చెప్పినట్టు తెలియని రాశులు రెండు, సమీకరణం ఒకటి. వీడియోలో ఈ ముక్క కోసేశారు.

చేతికొచ్చిన థర్మామీటర్

దీని పుట్టుక కథ నాకు మహా ఇష్టం. డ్యుటీరియం, అంటే బరువు హైడ్రోజన్, కనిపెట్టి 1934లో నోబెల్ తెచ్చుకున్న హెరాల్డ్ యూరీ 1946లో జ్యూరిక్‌లో ఐసోటోపుల మీద లెక్చర్ ఇచ్చాడు. అయ్యాక పాల్ నిగ్లి అనే ఖనిజ శాస్త్రవేత్త లేచి, అయితే మంచినీళ్ళలో కట్టిన సున్నపురాయినీ సముద్రంలో కట్టిన సున్నపురాయినీ దీంతో వేరు చెయ్యొచ్చు కదా అన్నాడట. యూరీ ఇంటికెళ్ళి లెక్కలు వేసుకుంటే వేడిని బట్టి కూడా తేడా వస్తుందని తేలింది, అరే నా చేతిలో భూమి థర్మామీటర్ ఉందే అనుకున్నాడు. గమనించారా, మొదట అడిగిన ప్రశ్న వేడి గురించి కానే కాదు. ఏటి నీళ్ళా సముద్రపు నీళ్ళా అన్నది. థర్మామీటర్ దారిలో దొరికింది, దొరికినదాని మోజులో అడిగిన ప్రశ్న పక్కకి పోయింది.

మోజు పడాల్సిన విషయమే, కాదనను. 1951లో యూరీ బృందం స్కాట్లాండ్ పక్కన స్కై దీవిలో దొరికిన బెలెమ్నైట్‌ని, అంటే జురాసిక్ కాలపు స్క్విడ్ లాంటి జీవి లోపలి గట్టి ముక్కని, చెట్టు మొద్దుని కోసినట్టు కోసి ఒక్కో వలయానికీ లెక్క తీసింది. ఆ జీవి చిన్నతనం దాటాక మూడు వేసవులు, నాలుగు చలికాలాలు చూసి, నాలుగేళ్ళ వయసులో పోయిందని తేలింది. 15 కోట్ల ఏళ్ళ కిందటి ఒక ప్రాణి ఎన్ని చలికాలాలు చూసిందో చెప్పగలగడం, అది కూడా పొడి గీకి. నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి వరండాలోకెళ్ళి నిలబడ్డా.

తర్వాత 1955లో చెజారే ఎమిలియాని సముద్రం అడుగు మట్టిలోంచి ఫోరామినిఫెరా గుల్లలు తీశాడు. ఇవి ఇసుక రేణువంత ఉంటాయి, ఒకే కణం ఉన్న జీవులు, చచ్చి కిందకి రాలి పొరలు పొరలుగా పేరుకుంటాయి. హిమయుగాలు వచ్చిపోయిన గీత మొత్తం ఆ పొరల్లో కనపడింది, ఆయన ఆ తేడాలో ఎక్కువ భాగం వేడే అన్నాడు. 1967లో నికొలస్ షాకిల్టన్ ఒక చిన్న తెలివైన ప్రశ్న వేశాడు. సముద్రం అడుగున నీళ్ళు ఇప్పటికే గడ్డ కట్టబోయేంత చల్లగా ఉన్నాయి, హిమయుగంలో ఇంకెంత చల్లబడగలవు? కానీ అడుగున బతికే గుల్లల్లో కూడా దాదాపు అంతే తేడా వస్తోందే? అంటే ఆ తేడాలో ఎక్కువ భాగం నీళ్ళదే. తేలిక నీళ్ళు ధ్రువాల దగ్గర మంచుగా పేరుకుపోయాయి, సముద్రం 120 మీటర్లకి పైగా దిగిపోయింది, మిగిలిన నీళ్ళు బరువెక్కాయి, గుల్ల అదే రాసుకుంది. థర్మామీటర్ అనుకున్నది మంచు తూకం వేసే కాటా అయ్యింది.

అంటే యూరీ తర్వాత ఇదే తంతు. వేడి కోసం పోతారు, నీళ్ళ లెక్క దొరుకుద్ది. కొందరికి ఇది ఈ విద్య బలహీనతలా కనపడుద్ది, చూశారా మాట మార్చారు అంటారు. నాకు మాత్రం ఇదే నమ్మకం కలిగించిన విషయం. ఒకాయన పన్నెండేళ్ళ ముందు చెప్పిన లెక్కని ఇంకొకాయన అవే గుల్లల జాతితో తప్పని చూపిస్తే, చూపించినదాన్నే అందరూ తీసుకున్నారు. మా గ్రూపులో ఎవరైనా ఎప్పుడైనా మాట వెనక్కి తీసుకున్నారా?

ఇక మన ఏటిమొగ

బంగాళాఖాతం పైనీళ్ళు ఏడాది పొడవునా వెచ్చనే. మన తీరంలో చలికాలానికీ మే నెలకీ తేడా ఐదారు డిగ్రీలు, అంతకు మించి ఊగదు. ఉప్పు అలా కాదు, ఏటిమొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, వేసవిలో సముద్రమంత ఉప్పు, వరదొచ్చిన వారం దాదాపు మంచినీళ్ళు. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర పెరిగిన ఆల్చిప్పకి జీవితంలో పెద్ద సంఘటన అంటే ఏరు రావడం, ఏరు రాకపోవడం. అది చలేసిందని రాసుకోదు, మేనమామ వచ్చాడని రాసుకుంటది.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. వరద నీళ్ళు కలిస్తే గుల్లలో బరువు ఆక్సిజన్ తగ్గుద్ది, నీళ్ళు వెచ్చబడినా తగ్గుద్ది. కాబట్టి ఒక గుల్లలో అంకె పడిపోయిందంటే వెచ్చబడిందా, ఏరొచ్చిందా అని గొడవ. కానీ మే నెలలో నీళ్ళు బాగా వెచ్చన, ఉప్పూ ఎక్కువ, ఒకటి అంకెని కిందకి లాగితే ఇంకోటి పైకి లాగుద్ది, ఆ లాగులాటలో ఎవరు గెలిచారో చూస్తే ఆ గుల్ల పెరిగిన చోట ఏటి చెయ్యి పైనుందా ఎండ చెయ్యి పైనుందా తెలుస్తుంది. అదొక్కటే చాలదనుకోండి, రెండో సాక్షి కావాలి. ఫోరామినిఫెరాలో ఆ సాక్షి మెగ్నీషియం, నీళ్ళు ఒక డిగ్రీ వెచ్చబడితే గుల్లలో కాల్షియంతో పోల్చినప్పుడు మెగ్నీషియం సుమారు 9 శాతం పెరుగుద్ది, వేడిని దాంతో తీసేసి మిగిలినదాన్ని నీళ్ళ ఖాతాలో వేస్తారు. ఆల్చిప్పల్లో మెగ్నీషియం అంత బుద్ధిగా ఉండదు, ఆ జీవి ఒంటి తీరుని బట్టి మారిపోద్ది. అసలు నీళ్ళ సంగతి తెలియకుండానే వేడి తేల్చే ఇంకో పద్ధతి ఉంది, బరువు కార్బనూ బరువు ఆక్సిజనూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న జంటలు ఎన్నున్నాయో లెక్కపెట్టడం. దాని మీద 2006లో వచ్చిన పేపర్‌లో మొదటి పేరు ప్రొసేన్‌జిత్ ఘోష్‌ది, తర్వాత ఆయన బెంగళూరు ఐఐఎస్సీలో ల్యాబు పెట్టారు. అంటే మనకి ఒక రాత్రి రైలు దూరంలోనే.

అదే 2006లో జోయిడ్స్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ కృష్ణా గోదావరి బేసిన్‌కి వచ్చింది, వచ్చింది గ్యాస్ హైడ్రేట్ల కోసం, అంటే మంచులా గడ్డకట్టిన మీథేన్ కోసం. గోదావరి కలిసే చోటికి ఎదురుగా సముద్రం అడుగు నుంచి తీసిన మట్టి గొట్టం ఒకటి వాతావరణ చరిత్ర చూసేవాళ్ళ చేతికి పోయింది. అందులో రెండు రకాల సాక్ష్యం ఉంది, ఏరు మోసుకొచ్చిన చెట్ల ఆకుల మైనం ఒకటి, పైనీళ్ళలో బతికి రాలిన రూబర్ అనే జాతి ఫోరామినిఫెరా గుల్లలు ఇంకోటి. 2012లో వచ్చిన ఫలితం ఏమంటే, సుమారు 4000 ఏళ్ళ కిందట మొదలై 1700 ఏళ్ళ కిందటి దాకా గోదావరి పరీవాహకంలో ఎండకి తట్టుకునే మొక్కలు పెరుగుతూ వచ్చాయి, ఆ తర్వాత అవే నిలబడిపోయాయి. గుల్లలేమో చివరి 3000 ఏళ్ళలో బంగాళాఖాతం ఇక్కడ ఆ మట్టి రాసిన కాలంలో అంతకుముందెన్నడూ లేనంత ఉప్పెక్కిన సందర్భాలు చూపించాయి, 1700 ఏళ్ళ నుంచి మరీను. ఉప్పెక్కడం అంటే ఏరు సరిగా రాలేదని. ఒక్క ఎండు సంవత్సరం ఆ మట్టిలో విడిగా కనపడదు, కనపడాలంటే ఏళ్ళ తరబడి ఎండాలి.

ఇది చదివాక నాకు వేడి గురించి ఆసక్తి పోయింది. ఏళ్ళ తరబడి గోదావరి సరిగా రాని కాలాలు! మన తాతలకీ వాళ్ళ తాతలకీ తెలియదు, ఏ శాసనం పక్కన ఏ కరువు వేసుకోవాలో ఇంకా జతపడలేదు, కానీ ఇసుక రేణువంత గుల్ల రాసిపెట్టింది.

వరద రోజు పేజీ ఖాళీ

అనుమానాలు. నాకే బోలెడున్నాయి.

మొదటిది బాబాయ్ అడగని, అడగాల్సిన ప్రశ్న. వరద వచ్చి ఉప్పు ఒక్కసారి పడిపోతే ఆల్చిప్ప ఏం చేసిద్ది? రెండు చిప్పలూ మూసుకుని కూర్చుంటది. మూసుకుంటే పెరగదు. పెరక్కపోతే రాయదు. అంటే ఏ రోజు సంగతి మనకి కావాలో ఆ రోజు పేజీ ఖాళీ. 11 లక్షల క్యూసెక్కులు దిగిన రోజు గుల్ల లోపల నిశ్శబ్దం. దీనికి జవాబు ఉందంటారు, పెరుగుదల ఆగిన చోట ముదురు గీత పడుద్ది, గీతకి అటూ ఇటూ అంకెలు చూసి మధ్యలో ఏం జరిగిందో ఊహించొచ్చని. నాకు పూర్తిగా ఎక్కలేదు. ఆ గీత వరద వల్లే పడక్కర్లేదు, మరీ వేడి వల్ల పడొచ్చు, గుడ్లు పెట్టే కాలంలో పడొచ్చు. గోడ మీద బురద గీతకి ఇలాంటి అనుమానం లేదు చూడండి. ఈ విషయంలో బాబాయ్ హాలు గెలిచినట్టే.

రెండోది డ్యాములు. సాగర్ 1967లో పూర్తయింది, తర్వాత శ్రీశైలం వచ్చింది. నెలల తరబడి ఎండలో నిలబడ్డ నీళ్ళలోంచి తేలికది ఆవిరైపోయి మిగిలినది బరువెక్కుద్ది. కాబట్టి ఇవాళ్టి కృష్ణ నీళ్ళ తూకం డ్యాములు లేనప్పటి కృష్ణ తూకం ఒకటి కాదు. ఇవాళ్టి గుల్లతో కొలబద్ద చేసుకుని పాత గుల్లని కొలిస్తే, కిలోకి తొమ్మిది వందల గ్రాములు వేసే కొట్టు కాటాతో కొన్నట్టు ఉంటది.

మూడోది వయసు. ఒడ్డున ఏరుకున్న గుల్లలు నిన్న చచ్చినదీ వెయ్యేళ్ళ కింద చచ్చినదీ పక్కపక్కనే ఉండొచ్చు, సముద్రం కలిపేసుద్ది. కార్బన్ డేటింగ్ చేయించొచ్చు కదా అంటే అక్కడొక తమాషా, సముద్రపు నీళ్ళలో పాత కార్బన్ కలిసి ఉంటుంది కాబట్టి అణుబాంబు పరీక్షలకి ముందు కాలపు గుల్ల ఏదైనా, బతికుండగా తీసిందైనా సరే, దానికి సుమారు 400 ఏళ్ళ వయసు చూపిస్తుంది. పుట్టుకతోనే ముసలిది. ఆ 400 కూడా అన్ని చోట్లా ఒకటి కాదు, ఏటిమొగ దగ్గర ఇంకా గందరగోళం. పాతవైతే ఇంకో పరీక్ష, చాలా ఆల్చిప్పలు అరగొనైట్ అనే రూపంలో సున్నం కట్టుకుంటాయి, నేలలో నీళ్ళు తగిలి అది కాల్సైట్‌గా మారిపోతే లోపలి రాతలూ మారిపోయినట్టే, ఎక్స్‌రే కింద పెట్టి చూసుకోవాలి.

ఇన్ని చెప్పుకున్నాక మిగిలేదేంటి అంటే, నా లెక్కలో చాలా మిగులుద్ది. ఎందుకంటే పై అనుమానాల్లో సగం థర్మామీటర్ అనుకుంటేనే ప్రాణం తీస్తాయి. ఇన్ని డిగ్రీలు అని పాయింటు తర్వాత అంకె చెప్పాలంటే డ్యాము తేడా, మొగ తేడా అన్నీ అడ్డమే. ఏరు బాగా వచ్చిందా, బక్కగా వచ్చిందా, ఏ నెలలో వచ్చింది అని మాత్రమే అడిగితే, ఒకే చోట ఏరిన ఇరవై ముప్ఫై గుల్లలు కలిసి అబద్ధం చెప్పడం కష్టం. పల్లెలో తగువు తీర్చే పెద్దమనిషి ఏం చేస్తాడు, ఒక్కడి మాట వినడు, పదిమందిని అడుగుతాడు.

78 ఏళ్ళ లెక్క

ఇప్పుడు అసలు సంగతి, "ఇదంతా తెలిసి ఏం లాభం" అని బాబాయ్ అడిగితే చెప్పాల్సింది.

సింగ్‌నగర్ ఎందుకు మునిగిందో చెప్పడానికి గుల్లలు అక్కర్లేదు. గండ్లు ఎక్కడ పడ్డాయో, వాగు దారిలో ఏమేం కట్టారో కళ్ళతో చూడొచ్చు. ఆ విషయంలో ఎవరైనా పురాతన వాతావరణం అంటూ ఉపన్యాసం ఇస్తే నేనే బాబాయ్ పక్కన నిలబడి నవ్వుతా.

కానీ "మామూలుగా కృష్ణ ఎంత?" అనే ప్రశ్న వేరు. ఆ మామూలు మీదే మన బతుకులు నడుస్తున్నాయి. రాష్ట్రాల నీళ్ళ వాటాలు తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ళ ప్రవాహం తీసి, 75 శాతం లభ్యత మీద, అంటే నాలుగేళ్ళలో మూడేళ్ళు కనీసం వచ్చే నీళ్ళ లెక్కన, కృష్ణలో 2060 టీఎంసీలు ఉన్నాయంది. బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్ళు తీసుకుని, 65 శాతం లభ్యత దగ్గర 2293 అంది. ఏళ్ళు మారితే, శాతం మారితే, నీళ్ళు మారాయి. టీవీలో ఈ అంకెల మీద పీకలు తెగేలా అరుచుకుంటారు, ఎవరి వాటా ఎంత అని, కానీ ఆ 78 ఏళ్ళే మామూలు ఏళ్ళని ఎవరు చెప్పారు అని ఒక్కరూ అడగరు. విజయవాడ దగ్గర ఆనకట్ట 1855లో కట్టారు, అంటే మన చేతిలో ఉన్న రాతలు ఇంచుమించు అన్నీ ఏటికి కట్ట పడ్డ తర్వాతవే. కట్ట లేని కృష్ణ ఏడాదికి ఎలా వచ్చేది, ఎన్నేళ్ళకోసారి రాకుండా పోయేది, రాసిపెట్టిన మనిషి లేడు. రాసింది గుల్లే.

నిజమే, గోదావరి మట్టిలో దొరికినదాన్ని కృష్ణకి అంటగట్టకూడదు, రెండూ వేరే నదులు. గుల్ల టీఎంసీల్లో చెప్పదు కూడా, ట్రిబ్యునల్ ముందు ఆల్చిప్ప పెడితే బయటికి పంపేస్తారు. నేను వాటాలు తిరగరాయమని అనట్లేదు. 3000 ఏళ్ళలో ఏళ్ళ తరబడి ఎండిన కాలాలు పక్క ఏటికే ఉన్నాయని తెలిశాక కూడా 78 ఏళ్ళ లెక్కని వేదవాక్కులా పట్టుకోవడం నాకు మింగుడు పడట్లేదు. ఈ నీళ్ళ మీద మూడో పంటకి ప్లాన్లు వేసేవాళ్ళూ, కొత్త ఊళ్ళు కట్టేవాళ్ళూ, ఎండు దశాబ్దం ఒకటి వస్తే అన్న వరస కూడా కాగితం మీద పెట్టుకోవాలి కదా. వరద గురించి అందరికీ భయం ఉంది, మొన్న చూశాం కాబట్టి. గుల్లలు ఎక్కువగా చెప్పేది ఎండు కాలం గురించి, దానికి గోడ మీద గీత పడదు.

పాత గుల్లలు ఎక్కడ దొరుకుతాయి అంటే మన కాళ్ళ కిందే. సుమారు 6000 ఏళ్ళ కిందట కొల్లేరు దరిదాపుల దాకా సముద్రమే, డెల్టా లోపల పదుల కిలోమీటర్ల దూరంలో పాత తీరపు ఇసుక దిబ్బలు ఇంకా ఉన్నాయి, చెరువుల కోసం, ఇళ్ళ మెరక కోసం తవ్వుకుపోగా మిగిలినవి. ఒక్కో దిబ్బ ఒక్కో కాలపు ఒడ్డు. (పల్నాడు సున్నపురాయిలో దొరకవా అని మా స్టాఫ్ రూములో అడిగారు. దొరకవు, పిడుగురాళ్ళ బట్టీల్లో కాలే ఆ రాయి గుల్ల కట్టే జీవులు పుట్టకముందుది. అమరావతి శిల్పాల్లో ఉన్నది పల్నాడు సున్నపురాయే, వాటిలో శంఖాలు చెక్కారు గానీ రాయిలో శంఖం లేదు.)

హార్లిక్స్ సీసా

ఇంత మాట్లాడినవాణ్ణి నేనేం చేశానో కూడా చెప్పాలి.

మా ఇంట్లో అటక మీద హార్లిక్స్ సీసా నిండా గుల్లలుండేవి. మాఘ పౌర్ణమికి హంసలదీవి పోయి సముద్ర స్నానం చేసి వచ్చేటప్పుడు నాన్న ఏరుకొచ్చినవి, ఏటా కొన్ని. కొన్ని దివిసీమ ఉప్పెనకి, అంటే 1977కి ముందువి కూడా ఉన్నాయని అమ్మ అంటుంది. నాకు ఒళ్ళు జలదరించింది, ఇంట్లోనే చిట్టా పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నానే అని. ఐసోటోపుల మీద పనిచేసే ఒకావిడ తెలుసు, పరిచయస్తుల ద్వారా, ఫోన్ చేసి గొప్పగా చెప్పా. ఆవిడ ఓపిగ్గా విని మూడు ప్రశ్నలడిగింది. ఏది ఏ సంవత్సరంలో తీసింది? ఎక్కడ తీసింది, మొగ లోపలా, బయట ఒడ్డునా? తీసినప్పుడు బతికుందా, ఖాళీ చిప్పా?

మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. నాన్న లేడు అడగడానికి. సీసాలో అన్నీ కలిసిపోయాయి, పైగా పండక్కి అమ్మ వాటిని సర్ఫు నీళ్ళలో వేసి తోమింది, మెరవాలని. ఆవిడ మర్యాదగానే చెప్పింది, అందంగా ఉంటాయి, షోకేసులో పెట్టుకోండి అని.

అది నాకు బాగా తగిలింది. బట్టీలో కాల్చిన గుల్లకీ, పేరూ తేదీ లేని గుల్లకీ చిట్టా లెక్కలో పెద్ద తేడా లేదు. నాయనమ్మకి కనీసం తాంబూలమైనా ఎర్రగా పండింది. కాలేజీల్లో జువాలజీ ల్యాబుల బీరువాల్లో ఎన్ని గుల్లలు దుమ్ము పట్టి ఉంటాయి, వాటి కింద అంటించిన చీటీల్లో ల్యాటిన్ పేరు ఉంటుంది, ఊరూ సంవత్సరం ఉండవు, పరీక్షలో అడిగేది పేరే కాబట్టి. మా పిల్లల్తో ఈ ఏడు ఒక పని మొదలుపెట్టించా, సూర్యలంక టూరుకి పోయినప్పుడు ఎవరేం ఏరినా జిప్ కవర్లో వేసి చోటు, తేదీ, బతికుందా లేదా రాసి పెట్టమని. సగంమంది రాశారు. మిగతా సగం ఇన్‌స్టాలో పెట్టారు, దాని మీద తేదీ ఎలాగూ ఉంటుంది సార్ అన్నారు, అదీ నిజమే.

బాబాయ్‌కి ఇదంతా ఒకసారి ఎదురుగా కూర్చుని చెప్పా, ఆ బురద గీత కిందే, టీ తాగుతూ. థర్మామీటర్ కాదు బాబాయ్, ఏరొచ్చిన లెక్క అన్నా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. "మరి ఆ వీడియోలో అట్టా చెప్పలేదేరా" అన్నాడు ఆఖరికి. తర్వాత, "అయితే మీ నాన్న ఏరినయ్యన్నీ దండగేనా" అన్నాడు. దండగే అని చెప్పలేక టీ గ్లాసు చూస్తూ కూర్చున్నా.

మొన్న మాఘ పౌర్ణమికి పిన్నితో కలిసి హంసలదీవి పోయొచ్చాడు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్. "అబ్బాయ్, నాలుగు చిప్పలు తెచ్చా, బతికున్నయ్యే, నీళ్ళలోకి దిగి తీశా. మీ పిన్ని ఇంట్లోకి తేనియ్యట్లా, కంపు కొడతన్నయ్. ఎక్కడ పెట్టమంటా?" పొద్దున్నే పోయి తెచ్చుకున్నా. పెరుగు డబ్బాలో ఉప్పేసి పెట్టాడు, మూత మీద స్కెచ్ పెన్నుతో రాశాడు: మాఘ పౌర్ణమి, హంసలదీవి, మొగ కాడ, మోకాలి లోతు, పొద్దున ఏడున్నర, బతికున్నవి. సంవత్సరం మాత్రం వేయలా.